బరికి దూరమైన బలశాలి

"అభ్యాసం కూసు విద్య" అని మన పెద్దలు ఊరక అనలేదు. పద్యమైనా, గణితమైనా, గానమైనా చేతిలో ఉన్నంతకాలమే మనది. విడిచిపెట్టిన నాటి నుండి అది మెల్లగా పరాయిదవుతుంది. తాలీంఖానాలో ఉస్తాదు తన శిష్యుణ్ణి ప్రతి వేకువనూ మట్టిలోకి దింపడంలోని అంతరార్థం ఇదే. ముష్టియుద్ధ ప్రపంచంలో ఈ సత్యానికి ఒక ప్రత్యేకమైన పేరు ఉన్నది. చాలాకాలం పోటీలకు దూరమై తిరిగివచ్చిన యోధునిలో కనిపించే మందకొడితనాన్ని ఆంగ్లంలో 'రింగ్ రస్ట్' అంటారు. మనం దానిని 'బరి తుప్పు' అనుకోవచ్చు. మూలన పడవేసిన కత్తికి తుప్పు పట్టినట్లే పోరాటం మానిన యోధుని విద్యకూ తుప్పు పడుతుంది.

ఈ మాటను క్రీడా విలేఖరులు చాలా తేలికగా వాడుతారు. ఓడినవానికి అది ఒక సాకు, గెలిచినవానికి అది ఒక అదనపు భూషణం. కాని అసలు తుప్పు పట్టేది దేనికి? ఎంతకాలానికి? అది వదిలే మార్గమేది? ఎన్నటికీ వదలని భాగమేది? ఈ ప్రశ్నలను ఓపికగా విచారించేవారు తక్కువ. హెవీవెయిట్ యోధుల చరిత్రను శ్రద్ధగా చూస్తే వీటికి జవాబులు దొరుకుతాయనీ, ఆ జవాబులు ఒక్క క్రీడారంగానికే గాక మన విద్యాసంస్థలకు సైతం వర్తిస్తాయనీ నా అభిప్రాయం.

మొదట శరీరం సంగతి చూద్దాం. శిక్షణ మానిన మనిషి ఒకేసారి అన్నింటినీ పోగొట్టుకోడు. ముందుగా తగ్గేది ఊపిరి. పరుగు, వ్యాయామం ఆగిన కొద్ది వారాలకే రక్తప్రసరణలోని దారుఢ్యం సడలుతుంది. గుండె ఒక్కొక్క స్పందనకు పంపగల రక్తం తగ్గుతుంది. మునుపు పది రౌండ్లు నిలిచినవాడు నాలుగింటికే నోరు తెరుస్తాడు. కండబలం అంత త్వరగా పోదు. నెలల తరబడి నిలిచి ఉంటుంది. పోయినా ఈ రెండింటినీ మళ్ళీ శ్రమించి సంపాదించుకోవచ్చు. కొండలెక్కి, తాడు దూకి, ఇసుక సంచిని గుద్ది కొన్ని నెలలలో శరీరాన్ని తిరిగి కట్టుకోవడం వయసులో ఉన్నవానికి అసాధ్యమేమీ కాదు.

మూడవది వేరు. ఎదుటివాని భుజం కదలగానే ఏ దెబ్బ వస్తుందో పసిగట్టడం, తన చేయి అందే దూరమెంతో, అవతలివాని చేయి అందే దూరమెంతో అంగుళాలలో గ్రహించడం, తల ఎంత వెనుకకు వంచితే దెబ్బ గాలిలో పోతుందో లెక్కించడం — ఇవన్నీ ఆలోచించి చేసే పనులు కావు. ఆలోచించే వ్యవధి అక్కడ ఉండదు. వందలాది పోరాటపు క్షణాల అనుభవం కంటికీ కాలికీ మధ్య ఒక దారి వేస్తుంది. నడవని దారిలో గడ్డి మొలిచినట్లు, పోరాడని యోధునికి ఆ దారి మూసుకుపోతుంది. వ్యాయామశాలలో పెద్ద తొడుగులు, తలకు రక్షక కవచం ధరించి సహాయకులతో చేసే సాధన దీనిని కొంతవరకే బాగుచేస్తుంది. తనను నిజంగా పడగొట్టదలచినవాడు ఎదురుగా నిలిచినప్పుడే మిగతా భాగం బయటపడుతుంది. బరి తుప్పు అనే మాటకు నిజమైన అర్థం ఇదేనని నేను భావిస్తాను.

ఇది అన్ని తరగతుల యోధులకూ ఉన్న బాధయే గదా, హెవీవెయిట్లను గురించే ప్రత్యేకంగా చెప్పనేల అని అడుగవచ్చు. రెండు కారణాలున్నాయి. తక్కిన తరగతులవారికి బరువుకు పైపరిమితి ఒకటి ఉంటుంది. పోటీ లేనప్పుడు కూడా త్రాసు వారిని హెచ్చరిస్తూనే ఉంటుంది. నేటి లెక్కలో 200 పౌండ్లు, అనగా సుమారు 91 కిలోలు దాటిన హెవీవెయిట్‌కు పైన హద్దు లేదు. కావున విరామకాలంలో అతని శరీరాన్ని అదుపు చేసేది అతని మనస్సు తప్ప మరొకటి లేదు. రెండవది దెబ్బ బరువు. చిన్న తరగతులలో అరక్షణం ఆలస్యమైతే ఒక పాయింటు పోతుంది. ఇక్కడ అదే ఆలస్యానికి మనిషి నేలకొరుగుతాడు. తుప్పుకు ఇక్కడ చెల్లించవలసిన మూల్యం అధికం.

ఇక చరిత్రకు వద్దాం. జేమ్స్ జె. జెఫ్రీస్ ఓటమి ఎరుగని ప్రపంచ విజేతగా 1904లో చివరి పోటీ చేసి విశ్రమించాడు. 1908లో సిడ్నీ నగరంలో జాక్ జాన్సన్ ఆ బిరుదు గెలిచిన మొదటి నల్లజాతి యోధుడయ్యాడు. దానిని సహించలేని శ్వేతజాతి పెద్దలు జెఫ్రీస్‌ను పిలిచి, దాదాపు 100 పౌండ్ల బరువు తగ్గించి, 1910 జూలై 4న రీనో పట్టణంలో బరిలోకి దింపారు. ఆరేళ్ళ విరామం తర్వాత తిరిగివచ్చిన 35 ఏళ్ళ మనిషి అతడు. అంతకుముందు ఎన్నడూ నేలను తాకని ఆ వీరుడు 15వ రౌండులో పదే పదే కూలి పరాజితుడయ్యాడు. శరీరాన్ని తగ్గించగలిగారు గాని కాలాన్ని వెనుకకు తిప్పలేకపోయారు. ఇతరుల అహంకారం కోసం ఒక మనిషిని బరిలోకి నెట్టడం ఎంత అన్యాయమో కూడా ఈ ఘట్టం చెబుతున్నది.

ఇక్కడొక సందేహం కలుగుతుంది. జెఫ్రీస్‌ను ఓడించినది విరామమా, వయస్సా, లేక జాన్సన్ ప్రతిభా? మూడూ కలిసి ఉన్నచోట ఒక్కదానినే నిందించడం న్యాయం కాదు. వయస్సును, తుప్పును వేరుచేసి చూడగల ఉదాహరణలు కావాలి. అట్టివి రెండు నాకు కనిపిస్తున్నాయి.

ఒకటి జాక్ డెంప్సీ కథ. 1923 సెప్టెంబరులో ఫిర్పోను ఓడించిన తర్వాత అతడు మూడేళ్ళపాటు బిరుదు కోసం పోరాడలేదు. సినిమాలు, వివాహం, తన మేనేజరుతో వ్యాజ్యాలు అతని కాలాన్ని ఆక్రమించాయి. 1926 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో జీన్ టన్నీ అతనిని పది రౌండ్లపాటు ముప్పుతిప్పలు పెట్టి బిరుదు గెలుచుకున్నాడు. 1927 జూలైలో డెంప్సీ జాక్ షార్కీతో పోరాడి గెలిచాడు. రెండు నెలల తర్వాత షికాగోలో మళ్ళీ టన్నీని ఎదుర్కొన్నాడు. ఈసారి ఏడవ రౌండులో టన్నీని నేలకు పడగొట్టాడు. 'లాంగ్ కౌంట్' అని నేటికీ వాదించుకునే ఘట్టం అదే. చివరకు నిర్ణయం టన్నీకే దక్కినా, రెండవసారి డెంప్సీ మొదటిసారి కంటె ప్రమాదకరంగా పోరాడాడన్నది స్పష్టం. ఆ ఏడాదిలో అతని వయస్సు పెరిగిందే తప్ప తరగలేదు. మరి మెరుగుపడినదేమిటి? షార్కీతో జరిగిన నిజమైన పోరాటం కొంత తుప్పు వదిలించింది. వయస్సుకూ తుప్పుకూ గల భేదం ఇక్కడ తేటతెల్లమవుతున్నది.

రెండవది జో లూయీ, బిల్లీ కాన్‌ల కథ. 1941 జూన్‌లో వీరి మొదటి పోటీలో తేలిక దేహం, చురుకైన కాళ్ళు గల కాన్ 12 రౌండ్లదాకా లూయీని తికమక పెట్టాడు. 13వ రౌండులో పట్టుదలకు పోయి ఎదురుదాడి చేయబోయి కూలిపోయాడు. మళ్ళీ వారు తలపడేలోగా యుద్ధం వచ్చింది. ఇద్దరూ సైన్యంలో చేరారు. ఇద్దరికీ నాలుగేళ్ళకు పైగా అసలైన పోటీలు లేవు. 1946 జూన్ 19న న్యూయార్కులో తిరిగి కలిసినప్పుడు లూయీకి 32 ఏళ్ళు, కాన్‌కు 28. చిన్నవాడికే మేలు జరగాలి గదా! జరిగినది వేరు. కాన్ కాళ్ళలో పూర్వపు వేగం మచ్చుకైనా లేదు. లూయీ కూడా మునుపటివాడు కాకపోయినా పిడికిలి బలం మిగిలే ఉన్నది. ఎనిమిదవ రౌండులో పోటీ ముగిసింది.

ఈ రెండవ కథ మనకు ఒక ముఖ్యమైన సూత్రాన్ని అందిస్తున్నది. ఒకే విరామం ఇద్దరు యోధులను ఒకే తీరున దెబ్బతీయదు. వేగం, లయ, దూరపు అంచనా మీద ఆధారపడిన విద్యను తుప్పు ముందుగా తింటుంది. బలం మీద ఆధారపడిన విద్యను చివర తింటుంది. సన్నని తీగకు పట్టిన తుప్పు దానిని తెంచుతుంది. గునపానికి పట్టిన తుప్పు పైపొరతో ఆగుతుంది. ఈ సూత్రాన్ని మనస్సులో ఉంచుకొని మన కాలపు మహాయోధుని జీవితాన్ని పరిశీలిద్దాం.

ముహమ్మద్ అలీ పేరు వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. 1942లో లూయీవిల్‌లో జన్మించి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణపతకం గెలిచి, 1964లో సన్నీ లిస్టన్‌ను ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. భారీకాయుల నడుమ అంత తేలికగా కదిలిన మనిషి అంతకుముందు లేడు. దెబ్బను చేతులతో ఆపుకోవడం అతని పద్ధతి కాదు. తల వెనుకకు వాల్చి, అడుగు పక్కకు వేసి దెబ్బను గాలికి వదిలివేయడం అతని పద్ధతి. అనగా అతని విద్య అంతా కన్ను, కాలు, క్షణం అనే మూడింటి మీద నిలిచి ఉన్నది. 1967 మార్చి 22న జోరా ఫోలీని ఏడవ రౌండులో ఓడించే నాటికి అతనికి 25 ఏళ్ళు. 29 పోటీలలో ఒక్క ఓటమి లేదు.

ఏప్రిల్ 28న హ్యూస్టన్ నగరంలో సైనిక నియామకానికి పిలిచినప్పుడు, వియత్నాం యుద్ధంలో పాల్గొనడానికి తన మతవిశ్వాసం అంగీకరించదని అలీ ముందుకు అడుగు వేయలేదు. ఆనాడే న్యూయార్కు రాష్ట్ర క్రీడాసంఘం అతని అనుమతిపత్రాన్ని నిలిపివేసింది. ఇంకా నేరారోపణ జరగలేదు, విచారణ జరగలేదు, తీర్పు రాలేదు. అయినా శిక్ష మొదలైంది. బిరుదు లాక్కున్నారు. మిగతా రాష్ట్రాలూ తలుపులు మూశాయి. జూన్ 20న న్యాయస్థానం ఐదేళ్ళ కారాగారం, 10,000 డాలర్ల జరిమానా విధించింది. అప్పీలు మీద అతడు జైలు బయట ఉన్నా, దేశం విడిచి వెళ్ళి పోరాడుకొనే వీలు లేకుండా పాస్‌పోర్టు తీసుకున్నారు. కళాశాలలలో ఉపన్యాసాలిచ్చి జీవనం సాగించవలసి వచ్చింది.

మూడు సంవత్సరాల ఏడు నెలలు గడిచాయి. 1970 సెప్టెంబరులో ఫెడరల్ న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్, నేరం రుజువైన ఇతరులకు అనుమతులిచ్చిన న్యూయార్కు సంఘం అలీ ఒక్కనికే నిరాకరించడం చెల్లదని తీర్పు చెప్పాడు. రాష్ట్ర క్రీడాసంఘమే లేని జార్జియాలో, అట్లాంటా నగరంలో అక్టోబరు 26న అలీ తిరిగి బరిలోకి దిగాడు. జెర్రీ క్వారీ కంటిపై గాయమై మూడు రౌండ్లకే ఆగిపోయాడు. ఆరు వారాల తర్వాత ఆస్కార్ బొనవేనాను పడగొట్టడానికి మాత్రం 15వ రౌండుదాకా శ్రమించవలసి వచ్చింది. మరి మూడు నెలలకు, 1971 మార్చి 8న, అలీ లేని కాలమంతా నిర్విరామంగా పోరాడుతూ వచ్చిన జో ఫ్రేజియర్‌ను ఎదుర్కొన్నాడు. 15వ రౌండులో ఫ్రేజియర్ ఎడమచేతి దెబ్బకు అలీ వెల్లకిలా పడ్డాడు. లేచాడు, నిలిచాడు, కాని జీవితంలో మొదటిసారి ఓడిపోయాడు.

అలీని ఓడించినది ఫ్రేజియర్ కాదు, విరామమే అని కొందరు అభిమానులు అంటారు. నేను ఈ వాదాన్ని పూర్తిగా అంగీకరించలేను. ఆ రాత్రి ఫ్రేజియర్ ఎవరినైనా ఓడించగల స్థితిలో ఉన్నాడు. అతని కీర్తిని తగ్గించడం తగదు. కాని ఒక్క విషయం నిరాకరించలేనిది. 1967లో బరి మధ్య నాట్యమాడిన అలీ 1971లో తాళ్ళకు ఆనుకొని దెబ్బలు తిన్నాడు. అలసిన కాళ్ళకు విశ్రాంతి కావలసినప్పుడల్లా ప్రత్యర్థిని కౌగిలించుకొని ఆపాడు. మునుపు గాలిలో పోయిన దెబ్బలు ఇప్పుడు దవడకు తగిలాయి. తేడా అంగుళమే, ఆ అంగుళమే అతని విద్య.

ఫ్రేజియర్ చేతిలో ఓడిన 112 రోజులకు, 1971 జూన్ 28న, అమెరికా సుప్రీంకోర్టు ఎనిమిది మంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో అలీ శిక్షను కొట్టివేసింది. న్యాయం జరిగింది. జరిమానా కట్టనక్కరలేదు, జైలుకు పోనక్కరలేదు. కాని 25వ ఏటి నుండి 28వ ఏటి వరకు గల అతని కాలాన్ని ఏ న్యాయస్థానం తిరిగి ఇవ్వగలదు? ఒక రైతు భూమిని అక్రమంగా పట్టుకుంటే తీర్పు తర్వాత భూమి తిరిగి రావచ్చు. క్రీడాకారుని యౌవనాన్ని పట్టుకుంటే తిరిగి వచ్చేది ఖాళీ చేయి మాత్రమే. కావున తుది తీర్పుకు ముందే ఒకని వృత్తిని నిలిపివేసే అధికారులు తాము తాత్కాలికమైన చర్యే తీసుకుంటున్నామని భావించరాదు. శరీరం మీద, సాధన మీద ఆధారపడినవానికి తాత్కాలికం అంటూ ఏదీ లేదు. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచిన మాట ఇది.

అలీ పతనంతో కథ ముగియలేదన్నది నిజమే. ఫ్రేజియర్ పోటీతో కలిపి పదిహేను పోటీలు ఆడిన తర్వాత, 1974 అక్టోబరు 30న కిన్షాసాలో జార్జి ఫోర్‌మన్‌ను ఎనిమిదవ రౌండులో పడగొట్టి మళ్ళీ విజేత అయ్యాడు. కాని ఎలా గెలిచాడో గమనించాలి. పోయిన కాళ్ళు తిరిగి రాలేదు. తాళ్ళకు ఆనుకొని, ఫోర్‌మన్ పిడిగుద్దులను చేతులమీద, పక్కటెముకలమీద భరించి, అతడు అలసిన వేళ చూసి కొట్టాడు. తుప్పు తిన్న విద్య స్థానంలో ఓర్పు అనే మరొక విద్యను నిర్మించుకున్నాడు. అది మహత్తరమైన మనోబలం. అయితే ఆ విద్యకు రుసుము దెబ్బల రూపంలో చెల్లించాడు. 1984లో అతనికి పార్కిన్సన్ వ్యాధి నిర్ధారణ అయింది. దెబ్బలే దానికి ఏకైక కారణమని వాదించడం నా ఉద్దేశం కాదు. కాని తప్పించుకోగల కాళ్ళు పోయిన తర్వాత తిన్న దెబ్బలు అతనికి మేలు చేయలేదని చెప్పడానికి వైద్యుడే కానక్కరలేదు.

ఇంతవరకు చెప్పినదానికి వ్యతిరేకంగా కూడా ఉదాహరణలున్నాయి; వాటిని దాచరాదు. ఉక్రెయిన్ యోధుడు వితాలీ క్లిచ్‌కో 2004 డిసెంబరు తర్వాత గాయాలతో విశ్రమించి, దాదాపు నాలుగేళ్ళకు, 2008 అక్టోబరు 11న బెర్లిన్‌లో, మధ్యలో ఒక్క సన్నాహపు పోటీ కూడా లేకుండా శామ్యూల్ పీటర్‌ను ఎదుర్కొన్నాడు. ఎనిమిది రౌండ్ల తర్వాత పీటరే పీటమీద నుండి లేవలేకపోయాడు. మరి తుప్పు ఎక్కడ? మనం పైన చెప్పుకున్న సూత్రమే జవాబు చెబుతుంది. వితాలీ విద్య కాళ్ళ మీద లేదు. రెండు మీటర్ల ఎత్తు, పొడవైన ఎడమచేయి, నిటారైన నిలకడ అతని ఆయుధాలు. ఎత్తుకు తుప్పు పట్టదు. అతని తమ్ముడు వ్లాదిమిర్ 17 నెలలు మాత్రమే దూరంగా ఉండి 2017 ఏప్రిల్‌లో ఆంథొనీ జాషువాను ఎదుర్కొని 11వ రౌండులో ఓడాడు. కాని అప్పటికి అతనికి 41 ఏళ్ళు. ఆ ఓటమిని విరామం ఖాతాలో వేయడం కంటె వయస్సు ఖాతాలో వేయడమే న్యాయం.

విరామం తర్వాత తిరిగి రావడంలో రెండు మార్గాలున్నాయి. వాటికి ఇద్దరు ప్రసిద్ధులు ఉదాహరణలు. మైక్ టైసన్ 1991 జూన్ నుండి 1995 ఆగస్టు వరకు బరికి దూరమయ్యాడు. అందులో మూడేళ్ళు కారాగారంలో గడిచాయి. తిరిగి వచ్చాక అతనికి సులభమైన ప్రత్యర్థులను ఏర్చికూర్చారు. మొదటి పోటీ 89 సెకన్లలో ముగిసింది. నాలుగు పోటీలలో రెండు బిరుదులు గెలిచాడు. లోకం అతడు పూర్వపు టైసనే అనుకున్నది. కాని ఆ నాలుగు పోటీలూ కలిపి ఎనిమిది రౌండ్లకు మించలేదు. నాలుగుసార్లు గెలిచినా ఒక్కసారైనా పరీక్షకు నిలువలేదు. 1996 నవంబరు 9న ఇవాండర్ హోలీఫీల్డ్ ఎదురు నిలిచి తిరిగి కొట్టినప్పుడు ఏమి చేయాలో టైసన్‌కు తోచలేదు. 11వ రౌండులో పోటీ ఆపవలసివచ్చింది. సులభ విజయాలు తుప్పుమీద రంగు పూస్తాయే గాని తుప్పును వదిలించవు.

జార్జి ఫోర్‌మన్ మార్గం వేరు. 1977 మార్చిలో జిమ్మీ యంగ్ చేతిలో ఓడి, మతప్రచారకుడై పదేళ్ళు గడిపాడు. 1987 మార్చిలో 38 ఏళ్ళ వయసున, స్థూలకాయంతో తిరిగివచ్చినప్పుడు అందరూ నవ్వారు. అతడు తొందరపడలేదు. నాలుగేళ్ళలో వరుసగా 24 పోటీలు గెలిచాడు. చిన్నవారితో ఆరంభించి క్రమంగా పెద్దవారిని ఎదుర్కొంటూ, ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ 1991 ఏప్రిల్‌లో హోలీఫీల్డ్ ముందు నిలిచాడు. ఓడినా 12 రౌండ్లూ కాళ్ళమీద నిలబడ్డాడు. 1994 నవంబరు 5న, 45 ఏళ్ళ వయసున, తనకంటె 19 ఏళ్ళ చిన్నవాడైన మైకెల్ మూరర్‌ను పదవ రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బతో పడగొట్టి, హెవీవెయిట్ విజేతలలో వృద్ధతముడైనాడు. 2025 మార్చిలో అతడు మరణించినప్పుడు ప్రపంచం తలచుకున్నది ఆ రాత్రినే. యౌవనపు వేగం అతనికి తిరిగి రాలేదు. మిగిలిన బలానికి తగిన కొత్త పద్ధతిని, తొందర లేని పద్ధతిని అలవరచుకున్నాడు. మన కాలంలో టైసన్ ఫ్యూరీ కూడా మానసిక వ్యథతో, మద్యపానంతో రెండున్నరేళ్ళు పోగొట్టుకొని, 60 కిలోలకు పైగా బరువు తగ్గి, 2018లో రెండు చిన్న పోటీల తర్వాత డియాంటే వైల్డర్ ముందు నిలిచి రెండుసార్లు పడి లేచి పోటీని సమం చేశాడు. 2020 ఫిబ్రవరిలో అదే వైల్డర్‌ను ఓడించాడు.

తిరిగి రాకూడని రాకలు కూడా ఉన్నాయి. 1949లో అజేయ విజేతగా విశ్రమించిన జో లూయీని ఆదాయపు పన్ను బాకీలు మళ్ళీ బరిలోకి లాగాయి. 1950లో ఎజర్డ్ చార్లెస్, 1951లో రాకీ మార్సియానో అతనిని ఓడించారు. అలీ సైతం ఈ ఆకర్షణను జయించలేదు. 1980 ఆరంభంలో మన దేశానికి వచ్చి, మద్రాసులో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీలో పాల్గొని, వేలాది ప్రజలను మురిపించాడు. ప్రదర్శనలో కొట్టేవాడూ కాచేవాడూ మిత్రులే; అక్కడ తుప్పు కనబడదు. అదే సంవత్సరం అక్టోబరు 2న, రెండేళ్ళకు పైబడిన విరామం తర్వాత, 38 ఏళ్ళ అలీ లాస్‌వేగాస్‌లో లారీ హోమ్స్ ఎదుట నిలిచాడు. మందులు వాడి బరువు తగ్గించుకున్న శరీరం చూపులకు యౌవనంగా ఉన్నది. లోపల శక్తి లేదు. పది రౌండ్లపాటు ఏకపక్షంగా దెబ్బలు తిన్న తర్వాత అతని శిక్షకుడు ఏంజెలో డండీ పోటీని ఆపించాడు. 2024 నవంబరులో 58 ఏళ్ళ టైసన్‌ను 19 ఏళ్ళ విరామం తర్వాత టెక్సాస్‌లో 27 ఏళ్ళ జేక్ పాల్ ముందు నిలబెట్టినప్పుడు, పాతకాలపు విషాదం కొత్త వ్యాపారంగా మారింది. 1967లో పోరాడగలవాడిని ఆపిన అధికారమే 1980లో పోరాడలేనివాడిని అనుమతించింది. అధికారం చేతిలో ఉన్నవారికి ఎవరిని ఆపాలో, ఎవరిని పంపాలో తెలియకపోవడం కంటె పెద్ద లోపం లేదు.

మనకు దగ్గరి ఉదాహరణ కూడా ఒకటి ఉన్నది. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ హెవీవెయిట్ కాదు. ఆమెది మూడు రౌండ్ల అమెచ్యూరు పోటీ. అయినా విరామపు బాధ ఆమెకు తెలుసు. 2017లో భుజం గాయమై శస్త్రచికిత్స జరిగి చాలాకాలం బరికి దూరమైంది. తిరిగి వచ్చాక చిన్న మెట్ల నుండి ఎక్కుతూ 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో న్యూఢిల్లీలోను ప్రపంచ విజేత అయింది. వయస్సు తోడుండి, మార్గం క్రమమైనదైతే తుప్పు వదులుతుందనడానికి ఆమె సాక్ష్యం.

ఇదంతా కళాశాల పత్రికలో చెప్పవలసిన అవసరమేమి? మన తరగతులలోనూ విరామం పాలైన విద్యార్థులున్నారు గనుక. తండ్రి మరణించి దుకాణం చూసుకోవలసినవాడు, చెల్లెలి పెళ్ళి అప్పు తీర్చడానికి గల్ఫ్ దేశానికి పోయినవాడు, వివాహమై చదువు నిలిచిన ఆడపిల్ల, జబ్బుతో ఏడాది మంచం పట్టినవాడు — వీరిలో కొందరైనా తిరిగి రావాలని కోరుకుంటారు. తిరిగివచ్చిన వారికి మనం ఇచ్చే స్వాగతమేమి? మొదటి రోజే ఫ్రేజియర్ ముందు నిలబెట్టినట్లు నేరుగా వార్షిక పరీక్షకు పంపుతాము. తప్పితే తెలివి లేదంటాము. వారికి పోయినది తెలివి కాదు; లెక్క చేసే వేగం, వ్రాసే అలవాటు, కూర్చునే ఓర్పు. అవి తిరిగి వచ్చేవే. వాటికి మెట్లు కావాలి.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మూడు సూచనలు సవినయంగా సమర్పిస్తున్నాను. మొదటిది: చదువు ఆగి తిరిగివచ్చిన విద్యార్థులకు తొలి మూడు నెలలు సాయంత్రపు తరగతులు నడిపి, వారం వారం చిన్న పరీక్షలు పెట్టాలి. అవి టైసన్‌కు ఇచ్చిన సులభ విజయాల వంటివి కారాదు. ఫోర్‌మన్ ఎక్కిన మెట్ల వంటివి కావాలి. రెండవది: క్రమశిక్షణ పేరిట ఎవరినైనా తరగతికి రావద్దని ఆదేశించవలసివస్తే విచారణ పదిహేను రోజులలో ముగియాలి, తప్పు తేలేవరకు అతనిని పాఠం వినకుండా ఆపరాదు. చివరకు నిర్దోషి అని తేలినవానికి పోయిన పాఠాలు ఎవరు తిరిగి చెబుతారు? మూడవది: గాయపడినవాడు, జబ్బు నుండి ఇంకా కోలుకోనివాడు ఆటల పోటీకి ఉత్సాహపడితే, కళాశాల పేరు కోసం అతనిని దింపకూడదు. వైద్యుని మాటే చివరి మాట కావాలి.

ఇందుకు ఖర్చు అవుతుందని అనవచ్చు. ఉపాధ్యాయుని సాయంత్రపు గంటకు విలువ ఉన్నమాట నిజమే. కాని చదువు మధ్యలో వదిలి, తిరిగి వచ్చి, మళ్ళీ తప్పి, శాశ్వతంగా వెళ్ళిపోయే విద్యార్థి వల్ల మన సమాజానికి కలిగే నష్టం అంతకంటె పెద్దది. అల్పసంఖ్యాక వర్గాల పిల్లల కోసమని పేరు పెట్టుకొని వెలసిన సంస్థకు ఈ బాధ్యత మరింత ఎక్కువ.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. విరామం వచ్చినంత మాత్రాన విద్య చచ్చిపోదు. పాతదంతా ఉన్నది ఉన్నట్లు తిరిగి రాదన్నదీ నిజమే. అలీకి కాళ్ళు తిరిగి రాలేదు, ఓర్పు వచ్చింది. ఫోర్‌మన్‌కు యౌవనం తిరిగి రాలేదు, నిదానం వచ్చింది. తిరిగివచ్చేవాడు తనలో మిగిలినదేదో నిజాయితీగా లెక్కచూసుకొని, దానిమీద కొత్తగా కట్టుకోవాలి. మధ్యలో ఆగనివాడు, తిరిగివచ్చిన తోటివాని నెమ్మదితనాన్ని చూసి నవ్వరాదు. నోటుపుస్తకం అందించి పక్కన కూర్చోబెట్టుకోవాలి. తలుపు తెరిచి ఉంచడం కమిటీ వంతు, మెట్టు మెట్టుగా ఎక్కడం విద్యార్థి వంతు.